పులికి చారలు గీసే పని

హుజూరాబాద్‌లో బోర్డులు రాసి బతికినవాణ్ణి. దుకాణాల పేర్లు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, ఎన్నికలొస్తే పార్టీ గుర్తులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాయి. పీర్ల పండుగకు పులి వేషాలు గీసే పని మాత్రం నా చేతిలోనే మిగిలింది.

మా దిక్కు పీర్లకు హిందువుల ఇండ్లలోనూ మొక్కుతారు. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే "బాగైతే పులిని చేసి నీ ముందర ఆడిస్త" అని తల్లి మొక్కుకుంటుంది. అలా మొక్కు కోసం వచ్చే పసిపిల్లలుంటారు, ఏటేటా వేషం కట్టకపోతే ఉండలేని పెద్దలుంటారు.

పెద్దవాళ్లు ముందురోజే ఒంటి వెంట్రుకలు గీయించుకుంటారు, లేకపోతే రంగు పట్టదు. పొద్దున్నే పసుపుపచ్చ పూత వేస్తాను. అది ఆరేదాకా అడ్డంగా కట్టిన వెదురు బొంగు పట్టుకుని నిలబడాలి. కూర్చుంటే తొడల దగ్గర రంగు లేచిపోతుంది. ఆ తర్వాత కడుపుకు తెలుపు, చివరకు నల్ల చారలు. చారను వెన్నుపూస దగ్గర లావుగా మొదలుపెట్టి పక్కలకు దింపుతూ సన్నం చేస్తాను. మనిషి ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మీద ఆ చార కదలాలి. అది కదిలితేనే పులి.

రంగుల సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ గనక ఇక్కడ గట్టిగా చెప్తాను. పాతకాలంలో వేషగాళ్లు పసుపుపచ్చ రంగుకు అర్దళం వాడేవారు. అందులో ఉండేది ఆర్సెనిక్. తర్వాత ఎనామిల్ వచ్చింది. మెరుస్తుంది, చెమటకు చెదరదు, కానీ తీయాలంటే కిరసనాయిలుతో రుద్దాలి, ఒళ్లంతా మండుతుంది. పిల్లలకు ఎవరు బతిమాలినా నేను ఎనామిల్ పూయను. నీళ్లతో పోయే రంగులే పూస్తాను. వాటికి వాన గండం ఉంది. పీర్ల పండుగ చంద్రుడి లెక్క ప్రకారం ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2010లో డిసెంబరు చలిలో వచ్చింది, ఉత్త ఒంటి మీద తడి రంగుతో పులులు వణికిపోయాయి. ఇప్పుడు జూన్, జూలై వానల్లో పడుతోంది.

పులి ఒంటరిగా ఆడదు. నడుముకు కట్టిన తాడు ఒకరు పట్టుకుంటారు. పూనకం వచ్చినట్టు జనం మీదికి దూకబోతే వెనక్కి లాగేది, దమ్ము తీసుకునే సమయం ఎరిగి నీళ్లు తాగించేది అతనే. డప్పు మీద పులి దెబ్బ మారితే నేల మీది నిమ్మకాయను పళ్లతో అందుకోవాలి. ఆ దెబ్బ ఎప్పుడు మార్చాలో డప్పు అన్నకు తెలుసు.

పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం చేసే నా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. "మామా, మన పులుల లెక్కనే ఉన్నరు సూడు" అన్నాడు. నక్కలు, తోడేళ్లు, పులులు రెండు కాళ్ల మీద నడుస్తూ వీధంతా నిండిపోయాయి. వాళ్లను ఫర్రీలు అంటారట. మనిషిలా మాట్లాడే జంతువులంటే ప్రాణం పెట్టేవాళ్లు. 1989లో కాలిఫోర్నియాలో మొదటి సమావేశం పెట్టుకున్నారు. ఆంత్రోకాన్ అనే పెద్ద సమావేశం 2006 నుంచి పిట్స్‌బర్గ్‌లోనే జరుగుతోంది. 2025లో అదీ, మన పీర్ల పండుగా ఒకే వారంలో పడ్డాయి.

ఒక్కొక్కరూ తమకంటూ ఒక జంతువును ఊహించుకుంటారు, దానికి పేరు, రంగు, స్వభావం పెట్టుకుంటారు. స్పాంజితో తల చెక్కి, పైన బొచ్చు గుడ్డ కుడతారు. లోపల ఉడికిపోతుంది, కళ్లు సరిగ్గా కనబడవు. అందుకే పక్కన చెయ్యి పట్టి నడిపించే మనిషి ఉంటాడు. తల తీసి గాలి పీల్చుకోవడానికి వేరే గది ఉంటుంది. అది విన్నప్పుడు మా తాడు పట్టే మనిషే గుర్తొచ్చాడు. వాళ్లను వెక్కిరించేవాళ్లు చాలామంది ఉన్నారని మేనల్లుడు చెప్పాడు. నాకు మాత్రం గౌరవమే కలిగింది. మాకు మొక్కు ఉంది, వాళ్లకు అది లేదు. ఆ తేడా చిన్నది కాదు. ఆదిలాబాద్ గోండుల్లో గుస్సాడీ నాట్యం ఆడేవాళ్లు నెమలీకల టోపీ పెట్టుకుంటే దండారి పండుగ ముగిసేదాకా స్నానం చేయరు, నేల మీదే పడుకుంటారు. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది ఆ నాట్యానికే. అంత నిష్ఠ ఫర్రీలను అడగలేం. కానీ కొత్త ఒంటిలోకి వెళ్లినవాణ్ణి చుట్టూ ఉన్నవాళ్లు కాచుకోవడం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది.

ఫర్రీల్లో వేషం ఉన్నవాళ్లకన్నా లేనివాళ్లే ఎక్కువట. బొమ్మలు గీసేవాళ్లు, గీయించుకునేవాళ్లు, కథలు రాసేవాళ్లు, అందరూ ఆ గుంపులోవాళ్లే. నేనూ ఎన్నడూ పులి వేషం కట్టలేదు. అయినా పీర్ల కొట్టం ముందు డప్పు మోగితే నన్ను "పులి కాకా" అనే పిలుస్తారు. మొన్న ఒక పిల్లగాడు ఫోన్లో నీలం తోడేలు బొమ్మ చూపించి, "కాకా, నాకు ఇది గియ్యవా?" అని అడిగాడు. మొక్కు పులికే గనక పండుగనాడు కుదరదని చెప్పాను. బడి వార్షికోత్సవానికి రమ్మన్నాను. నీలం మీద బూడిద రంగు చారలు ఎట్లా దింపాలో పాత గోడ మీద గీసి చూస్తున్నాను.