పడిన రోజు నుంచే లెక్క

తుంటి విరిగిన ముసలివాళ్లను తెచ్చే ఇంట్లోవాళ్ల కంగారంతా ఆపరేషన్ గురించే. నాకు ముందు తెలియాల్సింది ఎప్పుడు పడ్డారన్నది. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఆపరేషన్‌తో మొదలవదు. ఎముక విరిగి మనిషి మంచాన పడగానే మొదలవుతుంది.

ఒకావిడను నాలుగు రోజులకు తెచ్చారు. నాటుకట్టు కట్టించి, కదలొద్దని పడుకోబెట్టారు. పిక్క వాచిందని కోడలు రోజూ నూనెతో మర్దన చేసింది, పాపం, ప్రేమతోనే. డాప్లర్ స్కాన్ తీస్తే తొడ సిరలో గడ్డ! అది ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. దాని సంగతి చూశాకే తుంటి జోలికి వెళ్లాం.

అందుకే, రక్తస్రావం భయం లేకపోతే, చేరిన రోజే హెపారిన్ జాతి ఇంజెక్షన్ మొదలుపెడతాం. "కాలు విరిగితే పొట్టకు సూదేంటి సార్?" అని అడగనివాళ్లు అరుదు. బొడ్డు పక్కన, చర్మం కింది కొవ్వులోకి వేసే మందది. వేళ తప్పకూడదు. ఈ డోసుకూ వెన్నులో ఇచ్చే మత్తుకూ మధ్య కనీసం 12 గంటలుండాలి. లేకుంటే వెన్నుపాము పక్కన రక్తం చేరి కాళ్లు పడిపోవచ్చు.

ఈ మందు ఒంట్లోంచి పోయేది ఎక్కువగా కిడ్నీల గుండానే, కాబట్టి వాటి పనితీరూ చూడాలి. 82 ఏళ్ల, 38 కిలోల ఒక బామ్మకు ఆ రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1 వచ్చింది. "నార్మలే కదా సార్" అన్నాడు మా జూనియర్. వయసూ బరువూ కలిపి లెక్కేయమన్నాను. కిడ్నీల వడపోత నిమిషానికి 24 మిల్లీలీటర్ల దగ్గర తేలింది. కండ కరిగిన ఒంట్లో క్రియాటినిన్ పుట్టేదే తక్కువ, ఆ అంకెను నమ్మితే మోసపోతాం. మామూలుగా రోజుకు 40 మిల్లీగ్రాములు వేసే ఆ ఇంజెక్షన్‌ను, ఎనాక్సపారిన్‌ను, ఆమెకు 20కి తగ్గించాం.

ఇంటికెళ్లాక మరో తంటా. ఈ మందు దాదాపు నాలుగైదు వారాలు సాగాలి. కుట్లు విప్పగానే అంతా అయిపోయిందనుకుంటారు. అలా ఆపేసిన ఒక పెద్దాయన మూడో వారంలో ఆయాసంతో వచ్చారు. సీటీలో ఊపిరితిత్తుల్లో గడ్డ కనిపించింది. అదృష్టం, బతికారు.

సూదులకు బదులు ఆస్పిరిన్ చాలదా అని ఇప్పుడు చదువుకున్న కొడుకులు అడుగుతున్నారు. తప్పుడు ప్రశ్నేం కాదు. ఎముకలు విరిగిన 12 వేల మందికి పైగా రోగులపై అమెరికా, కెనడాల్లో జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, మరణాల విషయంలో ఆస్పిరిన్ ఇంజెక్షన్‌కు తీసిపోలేదు. కాలి సిరల్లో గడ్డలు మాత్రం కాస్త ఎక్కువ. అయితే ఆ రోగుల సగటు వయసు 45 దరిదాపుల్లో ఉంది. ఎనభై దాటి, తుంటి విరిగి, మంచం దిగలేని మనిషికి ఆ ఫలితాన్ని అలాగే అంటగట్టడానికి నాకు మనసొప్పదు. ఇంట్లో సూది వేసే దిక్కు లేనివాళ్లకైతే, మానేయడం కన్నా మాత్రే నయమని రాసిస్తాను.