స్తంభాద్రి నుండి శబరి సంగమము దాక

చిన్న చిన్న విదేశములకు పోయివచ్చినవారు అచట ఒక్క పగటిలోనే పట్టణమును, పల్లెపట్టును, సముద్రతీరమును చూడవచ్చునని మురిసిపోవుచుందురు. ఖమ్మము నుండి భద్రాచలము మీదుగా కూనవరము దాక పోయినవారికి ఆ మురిపెము మన సీమలోనే దొరకును. కడలి లేని కొరతను గోదావరి తీర్చును.

నేను ఫాల్గుణ మాసమున బయలుదేరితిని. ఖమ్మమున స్తంభాద్రిపై నరసింహస్వామిని దర్శించి, కాకతీయుల నాటి నుండి కుతుబ్‌షాహీల దాక పెక్కుమంది ఏలికల చేతులు మారిన కోట నెక్కి, క్రింద పరచుకొనిన పట్టణమును చూచితిని. కోట దిగి మిర్చి యార్డు ప్రక్కగా నడచునప్పుడు బస్తాల ఘాటునకు తుమ్ములు ఆగలేదు. అచటి హమాలీలు మాత్రము తువ్వాలుతో ముక్కు కప్పుకొని, తేజ మిర్చి బస్తాలను భుజమున వేసికొని, నవ్వుచు దాటిపోయిరి. కోదాడ దారిలో నున్న నేలకొండపల్లి ఒక ప్రక్క బౌద్ధస్తూపమునకును, మరియొక ప్రక్క కంచెర్ల గోపన్న జన్మస్థానమునకును నెలవు. ఆ గోపన్నయే మన భక్త రామదాసు.

తూర్పునకు మరలినంతనే ఎర్రనేల పోయి బొగ్గునేల వచ్చును. 1871లో ఇల్లందు ప్రాంతమున విలియం కింగ్ బొగ్గు జాడ కనుగొనినది మొదలు ఈ సీమ బ్రతుకు మారినది. కొత్తగూడెములోని రైల్వే స్టేషనునకు ‘భద్రాచలం రోడ్’ అని పేరుండుటచే, రామాలయము చెంతనే యున్నదనుకొని దిగినవారు ఇంకను 40 కిలోమీటర్లు బస్సులో పోవలసియుండును. పాల్వంచ చెంత కిన్నెరసాని జలాశయము కలదు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘కిన్నెరసాని పాటలు’ చదివినవారు ఆ నీటిని ఊరక చూచి పోలేరు. దారి పొడవునను మోదుగులు నిప్పులు చెరుగుచుండెను. ఇప్పపూలు రాలు వేళ దగ్గరపడినదని, కోయ స్త్రీలు చెట్ల క్రింది ఆకులను అప్పుడే ఊడ్చి నేల చదును చేయుచుండిరి.

సారపాక దాటి, 1965లో ప్రారంభమైన వంతెనపై గోదావరిని దాటితిమి. స్నానఘట్టమున నీరు పాదములను మాత్రమే తడుపుచున్నది. 1986 వరదలో ఇదే నది 75.6 అడుగుల మట్టమునకు లేచినదన్న నమ్మిక కలుగదు. ఆలయమున రాముడు చతుర్భుజుడు, శంఖచక్రధారి. ఎడమ తొడపై సీత, ప్రక్కన లక్ష్మణుడు. పాల్వంచ పరగణా తహశీలుదారుగా సర్కారు సొమ్ము వెచ్చించి గోపన్న గుడి కట్టించుటయు, తానాషా అతనిని గోలకొండ చెరలో నుంచుటయు ఎరుగని తెలుగువాడు లేడు.

పున్నమినాడు ఆలయ మంటపమున శ్రీరామనవమి కల్యాణమునకై తలంబ్రాలు కలుపుచుండిరి. బియ్యపు రాసి చుట్టు కూర్చుండి, పసుపు, గులాలు, నెయ్యి, అత్తరు చేర్చి, ఒక్క గింజయైన విరుగకుండ అరచేతులతో మెల్లగా తిరుగవేయుచున్న ముత్తైదువుల మణికట్టుల దాక గులాబిరంగు పాకినది. గోదావరి జిల్లాల భక్తులు వడ్లను గోటితో ఒలిచి పంపు తలంబ్రాలును ఈ కల్యాణమునకే వచ్చును.

మరునాడు పర్ణశాలకు ఆటోలో పోవుచుండగా తోలువాడు వెనుకకు తిరిగి, “సార్, ఈడిదాక తెలంగాణ. ఇగ ఈ నాలుగూళ్ళు ఆంధ్రా. మళ్ళా ముందుకు బోతే మనదే. మా మేనత్తది ఎటపాక, పండక్కి రాష్ట్రం దాటి పోతం” అని నవ్వెను. ఇచట హద్దులు గీసినది గోదావరియే. నదిపై పడవలు నిరాటంకముగా నడుపవలెనను కోరిక ఆంగ్లేయులకు ముదిరిన కాలమున, 1860లో, నిజాము ఎడమగట్టును వారికి విడిచెను. 1874లో భద్రాచలము గోదావరి జిల్లాలో కలిసెను. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో పోలవరము ముంపు పేర, పట్టణమును విడిచి దాని చుట్టు గల గ్రామములును, కూనవరము, చింతూరు మొదలైన మండలములును ఆంధ్రప్రదేశమున చేరెను. దేవుడొక రాష్ట్రమున, పురుషోత్తపట్నమందలి ఆయన మాన్యము వేరొక రాష్ట్రమున నిలిచినవి. దుమ్ముగూడెమున కాటన్‌దొర నాటి నౌకామార్గపు యత్నమునకు గురుతుగా ఆనకట్ట యున్నది. బేరారు ప్రత్తిని నీటిమీద కడలికి చేర్పవలెనన్న ఆ తలపు నడిమిలోనే ఆగినది.

కూనవరమున శబరి వచ్చి గోదావరిలో కలియును. ఆ దిగువ పోచవరమున లాంచి యెక్కినచో పాపికొండలు ఇరువైపుల నుండి దగ్గరకు జరిగి, అంత గోదావరియు ఇరుకున పడి నడచును. పేరంటాలపల్లి రేవున కొండరెడ్లు వెదురును సన్నని పేళ్ళుగా చీల్చి అల్లిన పూలసజ్జలను అమ్ముదురు. నేనొకటి కొంటిని, బేరమాడుటకు మనసు రాలేదు.

హద్దు మరల మారునో మారదో పాలకులకు తెలియును. పోలవరము నిండిన నాడు ఇచటి నీటిమట్టము మారక తప్పదు. కావున చూడదలచినవారు ముందుగా కూనవరమునకు పోయి, పిదప భద్రాచలమునకు వచ్చినను, అరణ్యవాస మెరిగిన రాముడు కోపగింపడు.