ధనుష్కోడి చెలమ

రామేశ్వరం నుండి గైడ్‌తో కలిసి మా అధ్యాపక బృందం ఉదయాన్నే వ్యానులో ధనుష్కోడికి బయలుదేరింది. సన్నని ఇసుక మేట మీద రోడ్డు. ఎడమ ప్రక్క బంగాళాఖాతం, కుడి ప్రక్క మన్నార్ సింధుశాఖ.

ఒకప్పుడు మద్రాసు నుండి వచ్చే బోట్ మెయిల్ ప్రయాణికులు ఇక్కడే ఓడ ఎక్కి సిలోన్‌లోని తలైమన్నార్‌కు వెళ్ళేవారు. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుఫాను ఆ పట్టణాన్ని తుడిచిపెట్టింది. ప్రయాణికులతో వస్తున్న రైలును సైతం అలలు మింగివేశాయి.

గైడ్ ఇరవై నిమిషాల వ్యవధి ఇచ్చాడు. కప్పులేని చర్చి ముందు అందరిలాగే మేమూ ఫోటోలు తీసుకున్నాము. ప్రక్కనే తాటాకు గుడిసె. గవ్వలు అమ్ముకునే వృద్ధురాలిని మంచినీళ్ళు అడిగితే, ఇసుకలోని చెలమ నుండి ముంచి ఇచ్చింది. రెండు ఉప్పు సముద్రాల నడుమ తీయని నీరు!

ఆమె తమిళంలో ఏదో అన్నది. "చచ్చిన ఊరని చూసి పోతారు, మేము బతికే ఉన్నాం కదా అంటోంది" అని గైడ్ తెలిపాడు. మేము తలలు దించుకున్నాము.

తిరుగు ప్రయాణంలో ఫోటోలు చూసుకున్నాము. అన్నిటిలోనూ గోడలే ఉన్నాయి, ఆమె లేదు. మీరు అటు వెళితే, శిథిలాల కన్నా ముందు ఆ మనుషులను పలకరించండి.