త్రుప్పు, నలుపు

మా నాన్నగారు కాలముచేసిన పిమ్మట వారి పెట్టె తెరచి చూడగా, పంచెల మడతల నడుమ నొక మడతచాకు కనబడెను. అది మా తాతగారిది. వారి తండ్రిగారిది కూడ కావచ్చును. తాతగారు గ్రామకరణముగ నుండి, లెక్కలు వ్రాయు కలములను దానితోనే చెక్కుకొనెడివారట. నాన్నగారి చేతికి వచ్చిన తరువాత అది పచ్చిమామిడికాయలు కోయుటకు వినియోగపడెను. దానికి రెండు అలుగులు. చిన్నది ఎఱ్ఱగ త్రుప్పుపట్టి మడతలోనే బిగుసుకొనిపోయెను. పెద్దది నల్లగ నుండెను.

నేను బడిపంతులను. కొంత సంస్కృతమును, కొంత ఇంగ్లీషును చదువుకొన్నవాడను. తప్పు కనబడినచోట దిద్దుట నా వృత్తి. ఆ సాయంకాలమే అంగడికి పోయి, గరుకుకాగితమును, విద్యుత్తుతో తిరుగు చిన్న సానచక్రమును కొనితెచ్చితిని. రెండవ అలుగును బలవంతముగ వెలికిలాగి సానపట్టితిని. ఒక గంటలో రెండును అద్దములవలె మెఱసినవి. అంచువెంబడి మాత్రము నీలివన్నె కమ్మినది. అదియు నొక యందమే యనుకొంటిని.

మా అమ్మకు చూపితిని. ఆమె చాకును వెలుగునకెత్తి, ఇటునటు త్రిప్పి చూచి, "మీ నాన్న మామిడికాయలు కోసిన నలుపేదిరా? ఇది ఎవరిదో కొత్తచాకులా ఉంది" అని నా చేతిలో పెట్టి లోపలికి పోయినది.

ఆ మాటలోని న్యాయము నాకు బోధపడుటకు చాల దినములు పట్టినది. పాత ఉక్కు రెండు విధములుగ వన్నె మాఱును. తేమచే పట్టు ఎఱ్ఱని త్రుప్పు పొరలుపొరలుగ రాలుచు, లోని లోహమును తినుచు పోవును. కాయల పులుపు తగిలి ఏర్పడు నల్లని పొర యట్టిది కాదు. అది ఉక్కును అంటిపెట్టుకొని, త్రుప్పును కొంతవఱకు అడ్డుకొనును. 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రేర్లీ త్రుప్పుపట్టని ఉక్కును సిద్ధపఱచుటకు పూర్వము కత్తులకు ఆ నలుపే కవచము. నేను త్రుప్పుతోపాటు కవచమును గూడ ఒలిచివేసితిని. ఇక నీలివన్నె యన, అది ఉక్కు దాదాపు 300 డిగ్రీలవఱకు కాగిన గుర్తు. అంత కాగిన అంచునకు మునుపటి గట్టిదనముండదు. నాలుగు నిమ్మకాయలు కోయునప్పటికే నా చాకు మొద్దుబాఱెను.

అంతకంటె పెద్ద నష్టము మఱియొకటి. అది షెఫీల్డులోని జోసెఫ్ రాడ్జర్సు వారి చాకు. నక్షత్రమును, మాల్టీసు సిలువయు వారి గుర్తు. 1624లో చట్టముచే ఏర్పడిన అచ్చటి కత్తిపనివారి సంఘమే యిట్టి గుర్తులను నమోదుచేయుచు వచ్చినది. అలుగు మొదట కిరీటమున కిరుప్రక్కల వీ, ఆర్ అను అక్షరములున్నచో అది 1901కి పూర్వపు విక్టోరియా రాణి కాలమునాటిది. జీ, ఆర్ అని యున్నచో జార్జి రాజులనాటిది. ఈ సంగతులు నేను తెలిసికొన్నది గుర్తును అరగదీసిన తరువాత. ఇప్పుడు సిలువ కొన, కిరీటపు నీడ మాత్రము మిగిలినవి, అక్షరములు లేవు. ఆ చాకును మొదట మా యింటికి తెచ్చినది తాతగారో, ముత్తాతగారో చెప్పగల సాక్షిని నా చేతులతోనే పోగొట్టితిని.

మా వీధికి నెలకొకమాఱు సైకిలుపై సానచక్రము బిగించుకొని వచ్చు పెద్దాయన యొకడు కలడు. చాకును ఆయనకు చూపితిని. "తోమేశారు మాస్టారూ, నూరలేదు. మెరుపు వేరు, పదును వేరు. ఇనుము తీయడం నిమిషం పని, తిరిగి పెట్టడం ఎవరి తరమూ కాదు" అనెను.

మా అరుగుపై కూర్చుండి ఆయనయే నాకు పని నేర్పెను. బిగుసుకొన్న కీలున కిరసనాయిలు చుక్క వేసి ఒక రాత్రి ఓపికపట్టవలెను. నూరుటకు చక్రము కాదు, నీరు చల్లిన రాయి కావలెను. అలుగును ఇరువది డిగ్రీలకు మించకుండ ఎత్తి, ఆ వాలు చెడకుండ నూరవలెను. ఒక ప్రక్క నూరగా రెండవప్రక్క కంటికి కనబడని అంచు లేచి వ్రేలికి గరుకుగ తగులును. అది మొదటినుండి కొనవఱకు లేచినప్పుడే ప్రక్క మార్చవలెను. తుదకు తోలుపట్టీపై, అలుగు వీపు ముందునకును అంచు వెనుకకును ఉండునట్లు, మెల్లగ లాగవలెను. ఇట్లు నీలివన్నె పోవువఱకు నూరితిని. అలుగు సన్నబడినది గాని పదును నిలిచినది.

పిమ్మట నాకు వ్యసనము పట్టుకొన్నది. ఆదివారపు సంతలలో పాత ఇనుము నడుమ వెదకి పదునాలుగు కత్తులను సేకరించితిని. అందొకటి కణుజుకొమ్ము పిడి గల వేటకత్తి. మన దేశపు కణుజుకొమ్ములు ఓడలలో షెఫీల్డుకు పోయి, పిడులై లోకమంతట వ్యాపించెడివి. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి చట్టముతో వేటకు కాలము చెల్లినది. నా వేటకత్తి ఇప్పుడు కాగితములు కోయుచున్నది.

ఈ కత్తుల చరిత్ర వెదకుచు, 1845లో ఫ్రెడెరిక్ ఏంగెల్సు ఇంగ్లండు శ్రామికులనుగూర్చి వ్రాసిన గ్రంథము చదివితిని. అందు షెఫీల్డు వైద్యుడగు నైట్ చెప్పిన లెక్కయొకటి కలదు. పొడిసానపై పనిచేయువారు 35 ఏండ్లు బ్రదుకుట కష్టము. తడిసానవారు 45 దాటుట అరుదు. ఱాతిపొడియు, ఉక్కుపొడియు ఊపిరితిత్తులలో చేరుటయే కారణము. నాకిప్పుడు 45 ఏండ్లు. గ్రంథము మూసితిని. నాలుగేండ్లుగా మా అరుగుపై వినుచున్న దగ్గు అప్పుడు నాకు మొదటిసారి వినబడెను. మా పెద్దాయన చక్రమునకు నీరు లేదు.

తరువాతి నెల ఆయన వచ్చి, దగ్గుచు, మంచినీళ్ళడిగెను. అమ్మ చూరుక్రింది గూటిలోని గ్లాసు తీసి, నీరు పోసి అరుగుపై పెట్టినది. నా చిన్ననాటనుండి ఆ గూటిలో నొక గ్లాసు బయటివారికొఱకు వేఱుగ నుండును. నేను సంస్కరణమునుగూర్చి బడిలో ఉపన్యసించిన దినములలోను అది అచ్చటనే యున్నది. త్రుప్పుపట్టని ఉక్కుతో చేసిన గ్లాసది.

ఆయన పోయిన వెంటనే దానిని కడిగి లోపలి గ్లాసులలో కలిపివేసితిని. అమ్మ చూచి, "పెద్దల అలవాటురా. నలుపు తీయకూడదని తెలుసుకున్నది నువ్వేగా?" అనినది.

ఆ ప్రశ్న చిన్నది కాదు. "నలుపు ఉక్కును కాస్తుందమ్మా. ఇది ఎవర్ని కాస్తోంది?" అంటిని. ఆమె బదులు చెప్పలేదు. మూడు దినములు తన చెంబుతో తప్ప నీరు త్రాగలేదు.

మరుసటి నెల ఆయన సైకిలు వాకిట ఆగినప్పుడు, నేను లేచులోపలనే అమ్మ లోపలినుండి నీళ్ళు తెచ్చి ఆయన చేతికందించినది. అది పూర్వపు గూటిలోని గ్లాసో, మఱియొకటియో నేను గుర్తింపలేకపోతిని. అన్నియు నొక్కతీరుననే యున్నవి.

ఇప్పుడాయన చక్రముపై నీరు చుక్కలుచుక్కలుగ పడునట్లొక డబ్బా బిగించితిమి. దగ్గు మాత్రము తగ్గలేదు. పోయిన ఉక్కువలెనే పోయిన ఊపిరియు తిరిగి రాదు. ఆ డబ్బా ఎన్నడో బిగింపవలసినది. ఈ వేసవిలో నాన్నగారి చాకుతో మామిడికాయలు కోసితిని. సన్నబడిన అలుగుపై నలుపు మరల పట్టుచున్నది. దానిని తుడువలేదు.