గోదావరి గట్టున తెల్లవారుజాము

రాజమహేంద్రవరం అనగానే తెలుగు మేష్టర్లకు నన్నయ గుర్తుకు వస్తాడు. సంస్కరణాభిమానులకు వీరేశలింగంగారు గుర్తుకు వస్తారు. జిహ్వ రుచి తెలిసినవారికి రోజ్‌మిల్క్ గుర్తుకు వస్తుంది. కాని తెల్లవారుజామున అయిదు గంటలకు ఒకసారి గోదావరి గట్టుమీదికి వెళ్ళి చూడండి. కాన్వాసు జోళ్ళు తొడుక్కొని, చేతులు బారగా ఊపుకుంటూ, తమ తమ చక్కెర అంకెలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ నడిచే గృహస్థులు కనబడతారు. ఏడాదిన్నరగా ఆ గుంపులో మా అమ్మా, నేనూ కూడా ఉన్నాము.

నాకు ఈ ఊరు బదిలీ కావడమూ, నాన్నగారు పోవడమూ కొద్ది నెలల తేడాలో జరిగాయి. అమ్మను ఒంగోలు దగ్గరి మా పల్లెనుంచి తీసుకువచ్చి, మూడో అంతస్తులోని మా అద్దె వాటాలో ఉంచుకున్నాము. పల్లెలో ఆవిడ వ్యాయామమన్న మాటే ఎరగదు. వాకిలి చిమ్మి కల్లాపి జల్లడం, బావినుంచి నీళ్ళు తోడడం, పెరట్లో పాదులు చెయ్యడం, పొద్దుగూకేవేళ నాలుగిళ్ళ అవతల ఉన్న వదినగారిని పలకరించి రావడం—ఇదంతా కలిపితే రోజుకు ఎన్ని మైళ్ళయ్యేదో ఎవరు లెక్కపెట్టారు? ఇక్కడ తిప్పితే కుళాయి, వాకిలంటే మూడడుగుల గచ్చు. రెండు నెలలు తిరిగేసరికి, కుర్చీలోంచి లేవాలంటే ఎవరైనా చెయ్యి అందించవలసి వచ్చింది. “రోజూ నడిపించండి. లేకపోతే ఈ మోకాళ్ళు ఆవిడను మంచాన పడేస్తాయి” అన్నారు డాక్టరుగారు. పనిలో పనిగా నాకూ ఒక చీటీ రాసి ఇచ్చారు. నా చక్కెర అంకె కూడా గీత దగ్గరే తచ్చాడుతోంది.

“సంవత్సరీకాలైనా కాకుండా ఈ షికార్లేమిట్రా?” అంది అమ్మ.

దీనికి డాక్టర్ల దగ్గర జవాబు లేదు. గోదావరి దగ్గర ఉంది. షికారుకు రానన్న మనిషి గోదావరి దర్శనానికి రానంటుందా? మర్నాడు పుష్కర ఘాట్ దగ్గర ఆటో దిగి, నీళ్ళు నెత్తిన చల్లుకొని, మార్కండేయస్వామి గుడిదాకా నడిచి, ఇంటికి వచ్చేశాము. పట్టుమని ఇరవై నిమిషాలు కాలేదు. అయినా మరునాడు పిలవకుండానే లేచింది.

గట్టు పొడుగునా వంతెనలే మనకు తోడు. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన 56 ఖానాలతో, 1997లో రైళ్ళు మానేసి, పెన్షను పుచ్చుకొన్న ఉద్యోగిలా నిలబడి ఉంది. 1974లో వచ్చినదానిమీద పైన బస్సులూ, కింద రైళ్ళూ పోతాయి. మూడవది విల్లులు వరసపెట్టినట్లుండే కాంక్రీటు వంతెన. అమ్మకు ఈ సంవత్సరాలతో పనిలేదు. రైలు కూత వేసేసరికి మేము ఎక్కడ ఉన్నామన్నదే ఆవిడకు గడియారం. “నిన్న ఈపాటికి గుడి దగ్గరున్నాం. ఇవాళ వెనకబడ్డాంరా అబ్బాయీ!” అని తొందరపెడుతుంది.

ఇలాంటివి ఎన్నాళ్ళకు అలవాటవుతాయి? మనవాళ్ళకు మండల దీక్ష 41 రోజులు. లండనులో ఫిలిపా లాలీ అనే ఆవిడ, మరికొందరు కలిసి 96 మందిని పరిశీలించి 2010లో ఒక వ్యాసం ప్రకటించారు. అందులో నడిమి అంకె 66 రోజులు; మనిషినిబట్టి 18 మొదలు 254 వరకూ తేలింది. నాకు నచ్చిన సంగతులు వేరే ఉన్నాయి. కొత్త పనిని రోజూ జరిగే ఏదో ఒక పనికి ముడిపెట్టుకోమన్నారట. ఒకరోజు తప్పినంతమాత్రాన కట్టినదంతా కూలిపోదట. మా కళాశాలలో వ్యాయామశాలకు ఏడాది రుసుము కట్టి నెల తిరక్కుండా మానేసినవారు ఉన్నారు. వారికి ఇనుప గుండ్లు దొరికాయి గాని, ముడివేసుకొనే కొయ్య దొరకలేదని నా అనుమానం.

శ్రావణంలో కొత్తనీరు ఎర్రగా దిగింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. అలాంటప్పుడు ఘాట్లలోకి ఎవరినీ దిగనివ్వరు. ఒకరోజు ఇంట్లోనే ఉండిపోయాము. రెండవరోజు అయిదింటికే అమ్మ కుచ్చెళ్ళు దోపుకొని గుమ్మంలో నిలబడింది. లిఫ్టులో డాబామీదికి వెళ్ళి ఈ కొసనుంచి ఆ కొసకు తిరిగాము. దీన్ని సంస్కృతంలో చంక్రమణమంటారనీ, బౌద్ధ భిక్షువులు దీన్ని ధ్యానంలో భాగంగా చేసేవారనీ నేను మొదలుపెట్టబోతే, “పాఠం తరవాత, ముందు నడు” అంది.

ఇప్పుడు కోటిలింగాల ఘాట్ వైపు కూడా సాగిపోతున్నాము. పెద్దవాళ్ళకైనా వారానికి 150 నిమిషాల నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్క దాటి చాలాకాలమయింది. కుర్చీ దగ్గర చెయ్యి అందించే పని తప్పింది. ఆవిడకు గట్టుమీద నలుగురు స్నేహితురాళ్ళు ఏర్పడ్డారు. వారి మాటల్లో నాన్నగారి ప్రసక్తి వస్తే, ఇదివరకటిలా గొంతు పూడుకుపోకుండా, ఆయన కాఫీ పేచీల గురించి చెప్పి నవ్విస్తోంది.

మొన్న పరీక్షల పనిమీద మూడు రోజులు ఊరు వెళ్ళి వచ్చి, “నేను లేనప్పుడు నడక మానేశావా, అమ్మా?” అని అడిగాను.

“నువ్వు లేవని రైలు ఆగిందా?” అంది.