బండి కింద నూనె బొట్టు

మా భవాని పేటలో ముందుగది అంటే ఏమిటో బయటి ఊళ్ళవాళ్ళకి చెప్పడం కష్టం. పగలు అది టవెళ్ళు మడతపెట్టే చోటు, సాయంత్రం పిల్లల చదువుగది, రాత్రి బండికి షెడ్డు. వీధిలో వదిలేస్తే వచ్చేపోయేవాళ్ళకి దారి ఉండదు. అందుకని పడుకోబోయే ముందు గడప మీద చెక్క పలక వేసి బండిని లోపలికి తోస్తాం. దానికి జానెడు దూరంలో కార్ఖానా నుంచి తెచ్చిన టెర్రీ టవెళ్ళ కట్టలు ఉంటాయి. సోలాపూర్ అంటే చద్దరు అంటారు లోకులు. ఆ చద్దరుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా ఇంటి బతుకు మాత్రం టవెళ్ళ మీదే.

తెల్ల టవలు మీద ఇంజన్ నూనె పడితే ఇక అంతే. సాంచాకి వేసే పలచటి నూనె మరకైతే తొందరపడి ఉతికితే కొంతవరకు పోతుంది. ఇంజన్‌లో తిరిగి తిరిగి నల్లబడిన నూనె అట్లా కాదు. అది మసినీ ఇనుప అరుగునీ మోసుకొస్తుంది. టెర్రీ కుచ్చుల్లోకి దిగిందంటే ఏ సబ్బుకీ లొంగదు. వ్యాపారి ఆ టవలుని వేలితో పక్కకి నెట్టి ‘సెకండ్’ అంటాడు. ఆ ఒక్క మాటతో దాని ధర పడిపోతుంది. పోయినేడు వానాకాలంలో మా బండి కింద రూపాయి బిళ్ళంత మరక కనబడ్డప్పుడు మా ఇంట్లో పుట్టిన గొడవ బండి గురించి కాదు, ఆ కట్టల గురించి. “ఇంట్లో టవెళ్ళన్నా ఉండాలె, బండన్నా ఉండాలె” అని మా ఆవిడ తేల్చేసింది. టవెళ్ళు లేకపోతే తిండి లేదు. బండి లేకపోతే ఆ కట్టలు బజారుకి చేరవు.

మా నాయిన దాన్ని ‘కారుడు’ అన్నాడు. వీధి చివరి మరాఠీ మెకానిక్ ‘గళతి’ అన్నాడు. స్పేర్ పార్టుల దుకాణంలో గుమాస్తా కన్నడాయన, ఆయన ‘సోరికె’ అన్నాడు. మూడు భాషల ఊరు మాది, నూనె మాత్రం ఏ భాషలోనైనా ఒకే చోట నుంచి కారుతుంది. ఎక్కడ నుంచి అన్నదే ప్రశ్న. మెకానిక్ కింది నుంచి ఒకసారి చూసి, ఇంజన్ మొత్తం విప్పాలన్నాడు. ఆయన చెప్పిన ఖర్చు మాకు రెండు వారాల సంపాదన. ఆయన మాట తప్పని నేననను. విప్పితే ఎట్లాగూ దొరుకుతుంది. కాని సాంచాలో ఒక పోగు తెగితే బీము మొత్తం దించుతామా?

తడి కనబడే చోటు వేరు, కారే చోటు వేరు. కారిన నూనె ఇంజన్ ఒళ్ళంతా పాకుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి చిమ్ముతుంది. పైగా మా పేట గాలిలో ఎప్పుడూ దూది పొట్టు ఉంటుంది. అది నూనెకి అంటుకుని కంబళిలా పేరుకుపోతుంది. కిరసనాయిలుతో, పాత బ్రష్షుతో ఆ కంబళిని ఊడదీయడానికే ఒక పూట పట్టింది. ఆరాక ఇంజన్ ఎడమ వైపంతా ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, బండిని అశోక్ చౌక్ దాకా తిప్పుకొచ్చాను. తిరిగొచ్చి చూస్తే తెల్లటి పౌడరు మీద ఒకే ఒక నల్ల గీత. చైను తిప్పే ముందు పళ్ళచక్రం వెనక నుంచి కిందికి దిగింది. చైనుకి వేసిన నూనె కూడా అక్కడే పేరుకుంటుంది కనక కొందరు దాన్ని చూసి ఇంజన్ కారుతోందని కంగారు పడతారు. చైను నూనె జిగటగా, ముద్దగా ఉంటుంది. ఇది పలచగా, ఇంజన్ నూనె వాసనతో ఉంది. ఇంజన్ ఊపిరి తీసే సన్న గొట్టం కూడా విప్పి ఊదాను. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీలు పక్కనుంచి కూడా నూనె బయటికొస్తుంది. గాలి సాఫీగా పోయింది. ఇక మిగిలింది సీలే.

ఆయిల్ సీలు చాలా చిన్న వస్తువు. ఇనుప కట్టు చుట్టూ రబ్బరు, లోపలి అంచున సన్నటి పెదవి, ఆ పెదవిని తిరిగే షాఫ్టుకి అదిమి పట్టే స్ప్రింగు చుట్ట. అంతే. ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు గట్టిపడుతుంది, పెదవి అరుగుతుంది, పట్టు వదులుతుంది. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చేదాకా మన వీధుల్లో ఎక్కువగా తిరిగినవి పెట్రోలులో నూనె కలిపే రెండు స్ట్రోకుల బళ్ళు. వాటిలో గేర్ల పక్క క్రాంకు సీలు పోతే గేర్ల నూనెని ఇంజనే పీల్చి తెల్ల పొగగా వదిలేది. నాలుగు స్ట్రోకుల బండి పొగ వదలదు, నేల మీద బొట్టు పెడుతుంది.

ఈ పెదవిని ఒకప్పుడు తోలుతో చేసేవారు. జర్మనీలో ఇలాంటి సీళ్ళకి పేరుపడ్డ ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ అసలు తోళ్ళు ఊనే సంస్థ. 1930లలో తోలు స్థానంలో కృత్రిమ రబ్బరు వచ్చింది. ఈ సంగతి నాయినకి చెబితే, “పికరు ఎట్లనో గట్లనే” అన్నాడు. సాంచాలో నాడెని తన్నే పికరుని గేదె తోలుతో చేసి, నెలల తరబడి నూనెలో నానబెట్టేవాళ్ళు. నానని పికరు ఎండి పగులుతుంది. చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టి, ఏ పికరు నానిందో చెప్పగలిగేవాడట ఆయన.

నాయిన నలభై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడ్డాడు. చివరి పదిహేనేళ్ళు జాబరు. కార్ఖానా మాలికు పాత సాంచాలని తుక్కుకింద అమ్మేసిన నాటి నుంచి ఇంట్లోనే. చూపు తగ్గింది. పొద్దున మార్కండేయ గుడికి పోయి వస్తాడు, మిగతా పగలంతా అరుగు మీదే. ఎవరైనా పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు.

కార్ఖానా సెలవు రోజున బండిని కుడివైపుకి వంచి గోడకి ఆనించాను, లోపలి నూనె అటు పక్కకి పోతుందని. చైను వదులు చేసి, మూత తీసి, పళ్ళచక్రం ఊడదీశాను. సైకిల్ పుల్లని వంచి కొక్కెం చేసి పాత సీలు పెకలించాను. ఇక్కడే జాగ్రత్త కావాలి. షాఫ్టుకి గీటు పడిందా, కొత్త సీలు కూడా నిలవదు. ఊడి వచ్చిన సీలు పెదవి వేలితో వంచితే పుటుక్కున విరిగింది, కాలిన రొట్టె అంచులా.

“షాఫ్టు తోమినవా?” అని అరుగు మీద నుంచే అడిగాడు నాయిన. తోమానన్నాను. లేచి వచ్చాడు. కూర్చోడానికి పీట వేసింది మా బిడ్డ. చూడలేదు ఆయన, చూసినా కనబడదు. బొటనవేలి గోరుని షాఫ్టు మీద మెల్లగా అటూ ఇటూ జరిపాడు. వేల పోగుల్లో తెగిన ఒక్క పోగుని పట్టిన గోరు అది. “ఈడ ఆగుతున్నది. గీత పడ్డది” అన్నాడు. టార్చి వేసి చూస్తే నిజమే, వెంట్రుకంత వెండి గీత, పెదవి ఏళ్ళుగా రాసుకున్న చోటే. నా కంటికి అది కనబడకుండా పోయేది.

“కొత్తదాన్ని మళ్ల ఆ గుంతలనే నిలబెట్టకు. జర బయటికి జరుపు” అన్నాడు.

సీలు కూర్చునే గూడులో కొంచెం అదనపు లోతు ఉంది. పాతదాని కన్నా ఒక మిల్లీమీటరు ఎగువన ఆపితే పెదవి అరగని చోట ఆనుతుంది.

కొత్త సీళ్ళు రెండు, గేరు పెడల్ షాఫ్టుది కూడా కలిపి, నలుగురి నాస్తా ఖర్చులో వచ్చాయి. సీలు మీద మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. 17-29-5 అంటే ఆ వరసే, మిల్లీమీటర్లలో. పాతది చేత్తో పట్టుకుని దుకాణానికి పోతే బండి పేరు చెప్పకపోయినా సరైనది ఇస్తారు. స్ప్రింగు కనబడే ముఖం లోపలికి, నూనె వైపుకి ఉండాలి. షాఫ్టు పళ్ళు పెదవిని కోయకుండా మా బిడ్డ వాటి మీద పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టింది, పెదవికి కొత్త నూనె రాసింది. అదిమి కూర్చోబెట్టడానికి వంకర పోని గొట్టం కావాలి. అటక మీద వెతికి పాత చెక్క బాబిన్ తెచ్చాడు నాయిన. రంధ్రం కొద్దిగా పెద్దది చేస్తే షాఫ్టు అందులోంచి దూరింది, దాని అంచు సీలు అంచుకి సరిగ్గా ఆనింది. బాబిన్ పట్టుకున్నది ఆయన, సుత్తితో చుట్టూ సమంగా కొట్టింది మనవరాలు. “చాలు బిడ్డా” అని ఆయన అన్న చోట ఆగింది.

మూడు రాత్రులు బండి కింద తెల్ల కాగితం పరిచి చూశాం. ఎడమ వైపు ఒక్క చుక్క లేదు. కుడి వైపు, కిక్ షాఫ్టు దగ్గర మాత్రం సన్నటి తడి కనబడింది. దాని కొలత మా బిడ్డ క్యాలెండర్ వెనక రాసి పెట్టింది. వచ్చే సెలవుకి అది. బాబిన్‌ని నాయిన ఈసారి అటక మీద పెట్టలేదు, తన మంచం కింద పెట్టుకున్నాడు.