విశాఖ రేవులో ఒక పాత లెక్క

మన బెంగళూరుకు సముద్రం లేదు. అయినా రేవు పనులు కొన్ని ఇక్కడే జరిగిపోతుంటాయి. వైట్‌ఫీల్డ్ కంటైనర్ డిపోలో కస్టమ్స్ వారు సీలు వేసిన పెట్టెలు రైలెక్కి చెన్నై రేవుకు చేరి, అక్కడ ఓడ ఎక్కుతాయి. బ్యాంకులో ఎగుమతి బిల్లుల సీటులో చాలా ఏళ్లు కూర్చున్నాను. నాకు ఓడలు బయలుదేరే తేదీలు గుర్తున్నంతగా ఇంట్లో పుట్టినరోజులు గుర్తుండవని మా శ్రీమతి ఫిర్యాదు. తమాషా ఏమిటంటే, అన్ని ఓడల కాగితాలు చూసిన నేను ఒక్క ఓడనూ దగ్గరగా చూడలేదు.

ఆమధ్య మేనకోడలి పెళ్లికి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం వెళ్లినప్పుడు ఆ కొరత తీరింది. మా పెద్దబావగారు అక్కడి రేవులో పనిచేసి రిటైరయ్యారు. పెళ్లివారు వెళ్లిపోయిన మర్నాడు సాయంత్రం, "ఏమయ్యా, బీచీ, కైలాసగిరీ అందరూ చూసేవే. నేను నీకు రేవు చూపిస్తాను, పద" అని పాతపట్నం వైపు తీసుకెళ్లారు.

అక్కడ పక్కపక్కనే మూడు కొండలున్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకొకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఈ రెంటి మధ్య ఉన్న సన్నని కాలువలోంచే ఓడలు లోపలి రేవుకు వెళ్తాయి. దర్గా కొండ మీద నిలబడితే ఓడ మన కాళ్ల కిందనుంచి పోతున్నట్టే ఉంటుంది.

ఒకప్పుడు ఇక్కడ పెద్ద ఓడలు సముద్రంలోనే లంగరు వేసుకుని నిలిచేవి. సరుకు పడవల మీద ఒడ్డుకు రావలసిందే. మధ్యపరగణాల మాంగనీసు ఎగుమతి కోసం బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఈ రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి 'జలదుర్గ' మొదటి ఓడగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించారు.

ఈ తీరంలో రేవుకు పెద్ద శత్రువు ఇసుక. కెరటాలు తోసుకొచ్చే ఇసుకతో కాలువ ముఖం పూడిపోకుండా రెండు పాత ఓడలను రాళ్లతో నింపి అక్కడే ముంచి అడ్డుకట్టగా చేశారట.

"రేవులో రాళ్లు వేస్తే జరిమానా అని చట్టంలో చదివాను బావగారూ. వీళ్లు ఏకంగా రెండు ఓడల రాళ్లు వేశారే!" అన్నాను.

"మనం వేస్తే నేరం, ఇంజనీరు వేస్తే అడ్డుకట్ట" అని నవ్వారు.

నేను చదివానన్నది 1908 నాటి భారతీయ ఓడరేవుల చట్టం. బ్యాంకు పరీక్షలకు అది అవసరం లేదు. ఒక మనిషి అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుందేమోనని చదివాను. ఆ ప్రశ్న సంగతి తరువాత చెబుతాను. ముందు చట్టం సంగతి. దీని మూలం 1855 నాటిది, అంటే కంపెనీ పాలన నాటిది. 1875లో, 1889లో తిరగరాసి, 1908లో మళ్లీ ఒకచోట కూర్చారు.

చదువుతుంటే తెరచాపల కాలపు రేవు కళ్లకు కడుతుంది. ఓడ నిలకడ కోసం అడుగున నింపే రాళ్లూ ఇసుకా రేవులో పారబోయకూడదు. నిషేధించిన చోట ఓడ మీద తారు, గుగ్గిలం కాచకూడదు. గాజుబుడ్డి లేని దీపం పట్టుకుని పీపాల్లోంచి సారా తీయకూడదు. సూర్యాస్తమయం తరువాత ఇతర ఓడలకు ప్రమాదం కలిగేలా నీటిలో మోకు వదిలిపెట్టకూడదు. ఇలాంటి వాటిలో చాలావాటికి జరిమానా 200 రూపాయల దాకా. అనుమతి లేకుండా రేవులో తుపాకీ పేలిస్తే 50 రూపాయల దాకా. ఆపదలో ఉన్నామని తెలపడానికి ఉత్త మందుగుండు పేలిస్తే మాత్రం తప్పు లేదు. మంటలు లేస్తే ఆర్పే ఏర్పాటు చేయని కెప్టెన్‌కు ఆరు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. చెక్క ఓడలు పక్కపక్కన నిలిచే రేవులో ఒక దీపం వంద ఓడలను తగలబెట్టగలదు. ఆ భయమే ఈ అక్షరాల వెనక ఉంది.

అయితే చట్టానికి అసలు కోరలు ఇక్కడ లేవు. రేవు బకాయిలు, రుసుములు, జరిమానాలు చెల్లించేదాకా, లేదా వాటికి తగిన హామీ ఇచ్చేదాకా ఓడకు పోర్ట్ క్లియరెన్స్ ఇవ్వకూడదు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే నో డ్యూస్ సర్టిఫికెట్. ఒకవేళ కట్టకుండా జారుకుంటే, ఆ ఓడ తరువాత చేరిన రేవు అధికారులకు రాసి అక్కడ వసూలు చేయించవచ్చు. అప్పిచ్చే వృత్తిలో ఉన్నవాడిగా ఆ రాసినవారి తెలివికి నమస్కరించాను. ఇల్లు తాకట్టు పెట్టినవాడు ఇంటితో సహా పారిపోలేడు. ఓడ పారిపోగలదు. కనుక కదలనివ్వకపోవడమే దానికి సరైన శిక్ష.

ఇప్పుడు ఆ ప్రశ్న. 1990ల చివర్లో మా శాఖకు చిక్కపేట నుంచి ఒక చిన్న పట్టుబట్టల వ్యాపారి వచ్చేవాడు. మన తెలుగువాడే. ఒకసారి అతని సరుకు పెట్టె ఎక్కిన ఓడను దారిలో ఒక విదేశీ రేవులో ఆపేశారు. ఓడ యజమాని ఎవరికో బాకీ. పండగ అమ్మకాలకని కొన్న దుకాణదారు సరుకు సమయానికి రాలేదని బిల్లు తిప్పిపంపాడు. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారేమో. ఓడ సరుకు పాలసీల్లో సాధారణంగా ఆలస్యం వల్ల వచ్చే నష్టానికి పరిహారం ఉండదు. బిల్లు మీద ఇచ్చిన అప్పు వడ్డీతో కట్టమని అతనికి ఉత్తరం వెళ్లింది. దాని కింద సంతకం నాది.

అతను ఉత్తరం పట్టుకుని వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. కోప్పడలేదు. "సార్, ఓడవాడు రూలు తప్పాడు, ఆపారు. సరే. నేను తప్పిన రూలు ఏమిటో చెప్పండి, దిద్దుకుంటాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సర్క్యులర్ నంబరు మాత్రం ఉంది. నాలుగు నెలలకు ఓడ కదిలింది. సరుకు సగం ధరకు పోయింది. భార్య నగలు అమ్మి మిగతాది కట్టాడు. బ్యాంకుకు పైసా నష్టం రాలేదు. ఆ సంవత్సరం నా పనికి మంచి మార్కులే పడ్డాయి. ఆ మార్కులు చూసినప్పుడల్లా ఆ ప్రశ్నే గుర్తుకొచ్చేది.

దర్గా కొండ మీద ఈ కథంతా బావగారికి చెప్పాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "రేవు చేతికి అందేది ఓడ ఒక్కటే. అందులో ఎవరెవరి బతుకులున్నాయో దానికి కనపడదు. ఆపిన ఓడలో నావికులు కూడా అంతే. జీతం రాదు, దిగి పోనూ లేరు" అన్నారు.

ఆ దర్గా గురించి 1869లో విశాఖ జిల్లా చరిత్ర రాసిన కార్మైకేల్ దొర ఒక ముచ్చట చెప్పాడు. రేవు దాటి వచ్చిపోయే ఓడలు ఈ ఫకీరు గౌరవార్థం జెండాను మూడుసార్లు ఎత్తి దించేవట. హిందూ ఓడ యజమానులు ప్రయాణం సుఖంగా ముగిస్తే వెండి దోనెలు సమర్పించేవారట. ఒక ముస్లిం కెప్టెన్‌కూ ఓడ యజమానికీ మధ్య లెక్కల తగాదా కోర్టుకెక్కితే, అందులో ఒక పద్దు ఇదీ: పెద్ద గాలివానలో ఫకీరుకు మొక్కుకున్న డబ్బు సంచి. అది యజమాని ఖాతాలో రాశాడు కెప్టెన్! ఆడిటర్ ఎవరైనా ఎర్రసిరాతో చుట్టే పద్దు. కానీ నన్నడిగితే యజమాని కట్టాల్సిందే. దక్కిన ఓడ అతనిదే కదా.

బావగారు మరో మాట గుర్తుచేశారు. బాపట్ల జిల్లా మోటుపల్లిలో వీరభద్రస్వామి గుడి దగ్గర శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45 నాటి గణపతిదేవ చక్రవర్తి అభయశాసనం ఉంది. అంతకుముందు గాలివానకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును రాజులు లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకుల మీద దయతలచి, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. 1358లో అనపోతారెడ్డి కూడా అక్కడే అలాంటి శాసనం వేయించాడు. తెల్లవారి చట్టం ఓడను ఎలా పట్టుకోవాలో బాగా ఎరిగింది. ఆపదలో పడ్డ వర్తకుడి మీద ఎప్పుడు చెయ్యి వేయకూడదో మన రాజు రాతి మీద రాయించాడు. రేవుకు రెండూ కావాలి. బ్యాంకుకూ కావాలి.

1908 చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త ఓడరేవుల చట్టం చేసింది. తారు కాచడాలు, సారా పీపాలు ఎప్పుడో పోయాయి. బాకీపడ్డ ఓడ మాత్రం ఇంకా ఉంది, అందులో ఎవరిదో సరుకూ ఉంది.

చీకటి పడుతుండగా కింద కాలువలో ఒక ఓడ టగ్గుల సాయంతో మెల్లగా బయటికి కదిలింది. "వీడికి క్లియరెన్స్ వచ్చిందన్నమాట" అన్నారు బావగారు.

బెంగళూరు తిరిగొచ్చాక ఒక ఆదివారం చిక్కపేట వెళ్లాను. కొట్టు ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. పెద్దాయన వెనకగదిలో కుర్చీలో ఉన్నారు. నన్ను గుర్తుపట్టి కాఫీ తెప్పించారు. "మీరు ఏ రూలూ తప్పలేదండీ. ఆరోజే చెప్పవలసింది" అన్నాను. ఆయన నవ్వి, "ఆ సంగతి నాకు తెలుసు సార్. మీ నోట వినాలని అడిగాను" అన్నారు.